పరపతి ఉన్న మనిషికి లిమిట్ ఎంత ఇవ్వాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నల్గొండలో వెంచర్లు, మిర్యాలగూడ వైపు రెండు రైస్ మిల్లులు ఉన్న ఒక పెద్దమనిషి దగ్గర నాలుగేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నావు. ఆయన మైకు పట్టుకుంటే జనం కదలరు, వచ్చేసారి టికెట్ ఆయనకే అంటున్నారు. మీ నాన్నకు గుండె ఆపరేషన్ అయినప్పుడు రాత్రికి రాత్రి డబ్బు కట్టించారు. అదే మనిషి ఆఫీసులో బూతులు తిడతారు, ఒకసారి డ్రైవర్‌ను అందరి ముందు కొట్టారు, మూడు నెలలుగా జీతాలు లేవు. అయినా ఒక్కరూ మానేయరు. ఇప్పుడు కొత్త కంపెనీ పెట్టి, నిన్నూ ఆయన బావమరిదినీ డైరెక్టర్లుగా వేస్తామంటున్నారు. పాన్, ఆధార్ కాపీలు ఇచ్చేశావు. "పెద్ద లీడర్లంతా ఇట్లనే ఉంటరా? ఆ దురుసుతనం లేకుంటే అంత ఎత్తుకు పోలేరా?" అని నీ ప్రశ్న.

డైరెక్టర్ సంగతి చివర్లో చెప్తా. తొందరగా చూసుకోవాల్సింది నిజానికి అదే, కానీ ముందు మిగతాది చెప్పకపోతే ఆ మాట నీకు చేదుగా ఉంటుంది.

నేను ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో చేసి మేనేజరుగా రిటైరయ్యాను. అచ్చంపేట, దేవరకొండ, నారాయణపేట, మిర్యాలగూడ... సర్వీసంతా ఈ చుట్టుపక్కలే. సైకాలజీ చదివినవాణ్ణి కాదు. మనిషిని చూసి అప్పు ఇవ్వాలా వద్దా అని తేల్చడం నా పని, అందులో తప్పుచేసి ఇంక్రిమెంట్ పోగొట్టుకున్నవాణ్ణి కూడా.

ఒక మిల్లు ఓనరు. ఊరు, పేరు వద్దు. నేను ఆ బ్రాంచిలో చేరిన రెండో రోజే వచ్చాడు. వస్తూనే నన్ను వదిలేసి మా అటెండర్‌ను పేరు పెట్టి పిలిచి, వాళ్లమ్మ కంటి ఆపరేషన్ ఎట్లయిందని అడిగాడు. నా ముందు కూర్చున్న పావుగంటలో లోన్ ఊసే ఎత్తలేదు. మా పెద్దమ్మాయి ఇంటర్ చదువుతోందని మాటల్లో తెలుసుకున్నాడు. పరీక్షల మొదటి రోజు పొద్దున్నే ఇంటికి ఫోన్: "సారూ, పాప మంచిగ రాస్తదని చెప్పుండ్రి, మాదేవుడు చల్లగ చూస్తడు." మా ఆవిడ "ఎంత యాదికి పెట్టుకున్నడో" అని మురిసిపోయింది. నేనూ మురిసిపోయా, ఎందుకు దాచడం. అతను మాట్లాడుతుంటే ఎదుటివాడికి లోకంలో తనకంటే ముఖ్యమైనవాడు లేడనిపిస్తుంది. చదువుకున్నవాళ్లు దాన్ని కరిష్మా అంటారు. మా హమాలీలు "ఆయన నాలుకల ఏందో ఉన్నది" అనేవాళ్లు.

ఏడాది తిరిగేసరికి అతని సీసీ లిమిట్ (స్టాకు చూపించి వాడుకునే బ్యాంకు అప్పు పరిమితి) 80 లక్షల నుంచి కోటిన్నరకు పెంచమని సిఫార్సు రాసింది నేనే.

ఒకరోజు స్టాక్ ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లా. గోదాములో ధాన్యం బస్తాలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. నేను రిజిస్టరు పట్టుకొని లెక్కపెడుతున్నా. టీ తెచ్చిన ముసలి హమాలీ చెయ్యి వణికి నాలుగు చుక్కలు ఓనరు తెల్ల చొక్కా మీద పడ్డాయి. లాగి ఒక్కటిచ్చాడు. ఆ వెంటనే నావైపు తిరిగి, మళ్లీ అదే నవ్వు: "వీళ్లతోటి గిట్లనే ఉంటది సారూ." చుట్టూ ఉన్న గుమాస్తాలు నవ్వారు. నేనూ నవ్వా. ఇరవై ఏళ్లు దాటినా అది గుర్తొస్తే తల దించుకోవాలనిపిస్తుంది. ఆ గడబిడలో లెక్క మధ్యలో వదిలేసి, ముందు వరస పొడవు, వెడల్పు, ఎత్తు చూసి గుణించి, సంతకం పెట్టి వచ్చేశా.

ఎనిమిది నెలల తర్వాత ఇంకో ఆఫీసర్ నిచ్చెన వేయించి పైకెక్కాడు. నాలుగు దిక్కులా గోడలాగా బస్తాలు, పైన చెక్కలు పరిచి ఒక వరస, నడుమంతా ఖాళీ. ఖాతా ఎన్‌పీఏ (మొండి బకాయి) అయ్యింది, నాకు చార్జిషీటు వచ్చింది. చాలా రోజులకు ఆ హమాలీ బస్టాండులో కనబడి అన్నాడు: "సారూ, ఆ దినం గ్లాసు ఊకనే జారలే. మీరు ఎక్కి చూస్తరేమో అని భయమైంది, చేతులు వణికినయి. లోపల బోలని మాకందరికి ఎరుకే."

అందరికీ ఎరుకే. అడగాల్సింది వాళ్లనేనని మేనేజరుగారికి తోచలేదు.

మన భాషలో పరపతి అని ఒక మాట ఉంది. ఊళ్లో సొసైటీ బోర్డు చూడు, 'ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం' అని ఉంటుంది. అక్కడ పరపతి అంటే అప్పు. "ఆయనకు హైదరాబాదులో మంచి పరపతి ఉంది" అంటే పలుకుబడి. రెండూ ఒకటేనని మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టినట్టున్నారు. ఎడ్విన్ హాలండర్ అనే అమెరికా సైకాలజిస్టు 1958లో దాదాపు ఇదే చెప్పాడు. ఒక మనిషి గుంపుకు పనికొస్తూ, కట్టుబాట్లు పాటిస్తూ పోతే అతని పేరున ఒక ఖాతా నిండుతుంది. తర్వాత అందులోంచి తీసి ఖర్చు పెట్టుకుంటూ కట్టుబాట్లు తప్పొచ్చు, మిగతావాళ్లు ఊరుకుంటారు. ఆ వెసులుబాటు లేకపోతే నాయకుడు కొత్త పని ఏదీ చేయలేడు కాబట్టి అది పూర్తిగా చెడ్డదని కూడా అనలేం. మీ ఓనర్ మీ నాన్న ఆపరేషన్‌కు కట్టింది జమ. డ్రైవర్‌ను కొట్టింది ఖర్చు. బ్యాంకులో అయితే లిమిట్ కాగితం మీద ఉంటుంది, ఏడాదికోసారి రెన్యువల్ ఉంటుంది. ఇక్కడ రెండూ లేవు.

దురుసుతనం వల్ల ఎదుగుతారా అన్నావు. నేను చూసినంతలో వరస అటుది ఇటు. ఎదిగేటప్పుడు వంగి వంగి నమస్కారాలు, ఎదిగాక బూతులు. డేకర్ కెల్ట్‌నర్ అనే సైకాలజిస్టు చేసిన ఒక ప్రయోగం నాకు భలే నచ్చుతుంది. ముగ్గురు ముగ్గురిని కూర్చోబెట్టి, ఏ అర్హతా చూడకుండా ఒకణ్ణి పెద్దగా పెట్టారు. కాసేపయ్యాక తలా ఒకటి తిన్నా ఇంకా మిగిలేలా బిస్కెట్ల పళ్లెం తెచ్చారు. రెండోది తీసుకోవడానికి ఎక్కువగా చెయ్యి చాపింది పెద్దగా పెట్టినవాడే. అదీ నోరు తెరిచి నములుతూ, పొడి రాల్చుకుంటూ. అరగంట పెద్దరికానికే అట్లా ఉంటే, ఇరవై ఏళ్లు చుట్టూ "అన్నా, అన్నా" అనేవాళ్లే ఉన్న మనిషి సంగతి ఆలోచించు.

కుర్ర ఓనర్లు ఈమధ్య యాపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ పేరు చెప్తారు. ఆయన నంబర్ ప్లేట్ లేని కారు నడిపాడు, వికలాంగులకు వదిలిన చోట పార్కింగ్ చేశాడు, ఉద్యోగుల్ని ఏడిపించాడు, నిజమే. 1985లో సొంత కంపెనీ నుంచే బయటికి పోవాల్సి వచ్చిందని మాత్రం చెప్పరు. వీళ్లు ఆయన దగ్గర తిట్లు నేర్చుకున్నారు, ఐఫోన్ లాంటిది తయారుచేయడం నేర్చుకోలేదు. అట్లా తిట్టి మునిగిపోయినవాళ్ల కథ ఎవరూ రాయరు కాబట్టి లెక్క తప్పుతుంది. నా సర్వీసులో చూసిన నోటిదురుసు మిల్లు ఓనర్లలో ఇద్దరి మిల్లులు ఇప్పుడు ఫంక్షన్ హాళ్లు.

ఇంకా లోతుగా చూస్తే, మన జిల్లావాళ్లకు పెత్తనం అంటే ఏమిటో కొత్తగా చెప్పాల్సిన పని లేదు. మాక్స్ వెబర్ అనే జర్మన్ పండితుడు అధికారం మూడు దారుల్లో వస్తుందన్నాడు: వాడుక వల్ల, చట్టం వల్ల, ఒక మనిషి మీద జనానికి ఉన్న గురి వల్ల. గడిలో దొర, కచేరీలో తహసీల్దారు, సభలో లీడరు అనుకో. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి జనాన్ని ఆకట్టుకోవాల్సిన అవసరం లేదు. వెట్టి ఉంది, గుండాలున్నారు, 'నీ బాంచెన్ కాల్మొక్తా' ఉంది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చింది ఆ దొర మనుషులే. అప్పట్లో ఆ ఊరు నల్గొండ జిల్లాలోనే. (అదే జిల్లాలో ఇంకో రామచంద్రారెడ్డి, వెదిరె వారు, 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అడిగితే వంద ఎకరాలు ఇచ్చారు. పేరును బట్టి మనిషిని అంచనా వేయకూడదని మా నాన్న ఈ ఇద్దరినీ చూపించి చెప్పేవాడు.)

గడి దొర కొడితే దెబ్బ తిన్నవాడు పైకి కాళ్లు మొక్కేవాడు, లోపల మన్ను పోసేవాడు. మూడో రకంలో చిత్రం ఏమిటంటే దెబ్బ తిన్నవాడే వెనకేసుకొస్తాడు. పాలమూరు వైపు పనిచేసేటప్పుడు ఒక లీడరు అనుచరుడు నా బ్రాంచికి వచ్చేవాడు. ఒకరోజు చెంప వాచి ఉంది. ఏమైందంటే సిగ్గుపడలేదు సరికదా, ఛాతీ పొంగించి, "అన్న కొట్టిండు సార్. అందర్ని కొట్టడు, దగ్గరోళ్లనే కొడ్తడు" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. చుట్టూ ఉన్న నలుగురూ అతని వైపు ఈర్ష్యగా చూడటం నేను కళ్లారా చూశా. తిట్టు అక్కడ హోదా అయిపోయింది. మీ ఆఫీసులో "సార్ నన్ను తిట్టిండంటే నా మీద నమ్మకం ఉన్నట్టే" అనేవాడు ఒక్కడైనా ఉంటాడు, చూసుకో. అట్లా అనేవాడు ఉన్నంతకాలం ఆ నోరు మూతపడదు.

ఈ ఖాతా ఎంత పెద్దదైనా ఖాళీ అవుతుంది అనడానికి మనకు దగ్గరి ఉదాహరణ ఎన్టీ రామారావుగారు. నేను ఆయన అభిమానినే, ముందే చెప్తున్నా. కిలో బియ్యం రెండు రూపాయలు చేశారు, పటేల్ పట్వారీ వ్యవస్థను ఎత్తేశారు. పట్వారీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లకు తెలుస్తుంది ఆ జమ ఎంతో. 1985లో మన నల్గొండ నుంచి నిలబడితే గెలిపించాం. హిందూపురం, గుడివాడలోనూ గెలిచారు. 1989లో మంత్రులందరినీ ఒక్క దెబ్బతో తీసేశారు. అట్లా తీసేయగలిగిన మనిషి పక్కన కూర్చొని "ఇది వద్దండీ" అనేవాడు ఎవడుంటాడు? అదే ఏడాది చివర ఎన్నికల్లో కల్వకుర్తిలో చిత్తరంజన్ దాస్ చేతిలో మూడు వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. నేనప్పుడు అచ్చంపేటలో క్లర్కును. కౌంటర్ దగ్గరికి వచ్చినవాడల్లా డబ్బు లెక్కపెట్టుకోవడం మానేసి అదే ముచ్చట. ఆ గొంతు తగ్గలేదు, సభలకు జనమూ తగ్గలేదు. ఖాతా తగ్గింది.

వ్యాపారంలో అయితే సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు. తిట్లూ దెబ్బలూ ఆయన కథలో లేవు. మర్యాదస్తుడు, మెల్లగా మాట్లాడే మనిషి. యాభై వేల మందికి పైగా ఉద్యోగాలు. 108 అంబులెన్సు మొదలైంది కూడా ఆయన చేతి మీదే. మన హైవేల మీద ఎంతమందిని బతికించిందో నీకు తెలుసు. 2008 సెప్టెంబరులో మంచి కార్పొరేట్ పాలనకని గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. 2009 జనవరి 7న ఆయనే ఉత్తరం రాశాడు: పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవని, పులి మీద స్వారీ చేస్తూ దిగడం తెలియక ఇంతదాకా వచ్చానని. 2015లో ప్రత్యేక కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది, అప్పీలు మీద బెయిలు వచ్చింది. మా బ్యాంకులో ఆ వారమంతా ఒకటే మాట: ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉందా లేదా అని బ్యాంకును నేరుగా అడిగితే తేలిపోయే సంగతి కదా! నేను మాత్రం ఏమీ అనలేదు. నా గోదాము నాకు గుర్తుంది. చేసిన మంచి అబద్ధం కాదు, 108 అబద్ధం కాదు. ఆ మంచిని చూసి లోపలికి తొంగి చూడకపోవడం దగ్గరే అందరం బోల్తా పడ్డాం. అందుకే మర్యాదగా మాట్లాడే ఓనర్‌ను చూసినా నాకు ఇప్పుడు అంత తొందరగా మనసు కరగదు.

మీ ఓనర్ ఎటువంటివాడో ఎట్లా తెలుసుకోవాలి? కోపం ఎవరి మీద వస్తుందో రాసుకో. ఒక నెల చాలు. పనిలో కోపం అందరికీ వస్తుంది, నేనూ ఫైళ్లు విసిరేసినవాణ్ణే. కలెక్టరాఫీసులో రెండు గంటలు కూర్చోబెట్టినా నవ్వుతూ బయటికి వచ్చే మనిషి, డ్రైవర్ రెండు నిమిషాలు ఆలస్యమైతే చెయ్యి చేసుకుంటే, ఆయనకు కోపం ఆపుకోవడం బాగానే వచ్చన్నమాట. ఎక్కడ ఆపుకోనక్కర్లేదో కూడా లెక్క తెలుసన్నమాట. ఇంకోటి, గత ఏడాదిలో "సార్, ఇది తప్పు" అన్నవాళ్లు ఎంతమంది, వాళ్లిప్పుడు ఏ సీట్లో ఉన్నారు? అకౌంట్స్‌లో ఉన్నావు కాబట్టి ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ ఫైలు తీస్తే నీకే తెలుస్తుంది.

మీ నాన్న ఆపరేషన్ మాట. నిన్ను అసలు పట్టి ఉంచింది జీతం కాదు, ఆ రుణం. పాలమూరు లేబర్‌ను ఊరూరా తీసుకుపోయే గుంపు మేస్త్రీలను దగ్గర నుంచి చూశాను. కొందరు నిజంగా మంచివాళ్లు. కొందరు మాత్రం పిల్ల పెళ్లికో, జబ్బుకో అడగకుండానే చేతిలో అడ్వాన్సు పెడతారు, "ఏ, తియ్యి, నువ్వు నా తమ్మునివి" అంటారు. తర్వాత ఎక్కడో వేరే రాష్ట్రంలో డ్యామ్ పని దగ్గర కూలి లెక్క అడగాలంటే నోరు రాదు. అన్నను ఎట్లా అడుగుతాం? నేను మా ఖాతాదారులకు చెప్పిందే నీకూ చెప్తున్నా: ఆయన చేసిన సాయం ఒక ఖాతా, నీకు రావాల్సిన జీతం ఇంకో ఖాతా. రెండూ కలిపి నెట్ బ్యాలెన్స్ తీయొద్దు. ఆపరేషన్ డబ్బు అప్పు అనుకుంటే నెలకింత చొప్పున కట్టు, రాయించుకో. జీతం విడిగా, రాతపూర్వకంగా అడుగు. పీఎఫ్ పాస్‌బుక్ ఉమాంగ్ యాప్‌లో చూసుకో. స్లిప్పులో కోసింది అక్కడ జమ కాకపోతే, జీతం ఆగడం కంటే పెద్ద సంగతి అది.

కరిష్మా ఉన్నవాళ్లంతా ఇంతేనని మాత్రం అనను. బొల్లేపల్లిలో పెద్ద భూస్వామి ఇంట పుట్టిన రావి నారాయణరెడ్డిగారు సొంత భూమి పేదలకు పంచి, 1952లో నల్గొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు వెళ్లారు. పోలీసు చర్య తర్వాత తెలంగాణ సాయుధ పోరాటం ఆపేయాల్సిందని సొంత కమ్యూనిస్టు పార్టీవాళ్లతోనే వాదించారు. జనం జేజేలు కొడుతున్నప్పుడు అట్లాంటి మాట అనడం తేలిక కాదు.

"అందరూ ఊరుకుంటున్నారు, నేనొక్కణ్ణి ఏం చేస్తా" అని కూడా రాశావు. 1996లో ఇదే నల్గొండ లోక్‌సభ సీటుకు 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన జిల్లా గోడు దేశానికి వినబడాలని జలసాధన సమితి వాళ్లు చేసిన పని. వాళ్లలో ఎక్కువమందికి మైకు పట్టుకోవడం కూడా రాదు. తలా 500 డిపాజిట్ కట్టారు. గెలవడానికి కాదు కదా. నీళ్లు వచ్చేకంటే ముందు డిపాజిట్ 10,000 అయ్యింది, అది వేరే కథ. దేశమంతా నల్గొండ పేరు వినబడింది మాత్రం నిజం.

ఇక డైరెక్టర్ పోస్టు. ఆఫీసులో మిఠాయిలు కూడా పంచావట. కానీ నువ్వు రాసినదాంట్లో ఆ కంపెనీలో ఓనర్ పేరు ఎక్కడా లేదు. మూడు నెలల జీతాలు ఇవ్వలేని మనిషి కొత్త కంపెనీ ఎందుకు పెడుతున్నాడు, పెట్టేవాడు తన పేరు ఎందుకు వేసుకోవడం లేదు? మంచి కారణమూ ఉండొచ్చు, అడిగితే చెప్తాడు. అడగడానికే భయంగా ఉంటే సమాధానం దొరికినట్టే. నేను చూసిన వరస ఇది: ముందు డైరెక్టర్, ఆర్నెల్లకు బ్యాంకు లోన్, అప్పుడు "ఊకె ఫార్మాలిటీ" అని డైరెక్టర్లందరి పర్సనల్ గ్యారంటీ సంతకం. లోన్ మునిగితే బ్యాంకు నోటీసు మీ ఇంటికే వస్తుంది. నీ సిబిల్ స్కోరు (అప్పు తీర్చే తీరుకు వేసే మార్కులు) పోతుంది, చెల్లెలి పెళ్లికి లోన్ కూడా పుట్టదు. డైరెక్టర్‌గా రాజీనామా చేసినా గ్యారంటీ పోదు, ఇది చాలామందికి తెలీదు.

కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో నీ పేరున ఇప్పటికే డిన్ నంబర్ (డైరెక్టర్లకిచ్చే గుర్తింపు సంఖ్య) పుట్టిందేమో చూడు. పుట్టి, నిన్ను చేర్చేసి కూడా ఉంటే, వద్దనుకుంటే కంపెనీకి రాజీనామా లేఖ ఇచ్చి ఊరుకోకు; వాళ్లు ఫైల్ చేయకపోయినా డీఐఆర్-11 ఫారం నువ్వే వేసుకోవచ్చు. క్లాక్ టవర్ దగ్గర ఏ సీఏ ఆఫీసులో అడిగినా చేసిపెడతారు, మీ ఆఫీసు సీఏ దగ్గరికి మాత్రం పోకు.

అంతకంటే ముందు ఇంకోటి. పాన్, ఆధార్ ఇచ్చావన్నావు, ఫోనుకు ఓటీపీ వస్తే చెప్పావా? చెప్పి ఉంటే నీ పేరున డిజిటల్ సిగ్నేచర్ తీసి ఉండొచ్చు. చూడటానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది, దాంతో నువ్వు ఇంట్లో నిద్రపోతున్నా నీ సంతకం పడుతుంది. సాధారణంగా ఓనర్ పీఏ డ్రాయర్‌లో, రబ్బరు బ్యాండు వేసి, పేర్ల చీటీలు అంటించిన కట్టలో ఉంటుంది. రేపు పొద్దున ఆయన రాకముందే వెళ్లి, నీదేదో అడిగి తీసుకో. ఇవ్వకపోతే మళ్లీ ఇక్కడ రాయి.